గాలి సవరణ నలభై సెకన్లు

సైకిల్ పందేలకు టైంకీపర్లుగా శిక్షణ తీసుకుంటున్న పిల్లలకోసం నాలుగు మాటలు రాసి ఇమ్మని మా జిల్లా సంఘం వాళ్లు అడిగారు. నాలుగే అయితే ఇక్కడే చెప్పేస్తాను: నొక్కాల్సినప్పుడు నొక్కండి, చూసిందే రాయండి. ఈ కాస్త నేర్చుకోవడానికి నాకు ఒక దేశం మీదికి ఇంకో దేశం దండెత్తి రావాల్సి వచ్చింది. అందుకని మిగతాది కూడా రాస్తున్నాను.

నాకు కప్పిన శాలువాల సంగతి, సన్మానాల సంగతి రాయను. శాలువాలు ఇప్పుడు మా ఇంట్లో ఫ్రిజ్జుకీ, కుట్టుమిషనుకీ కప్పి ఉన్నాయి. ఎవరెవరి సంతకంతో నేను ఏయే మెట్లెక్కానో కూడా మీకు అక్కర్లేదు. ఈ ఉద్యోగంలో నేను చేసిన రెండు తప్పుల గురించి రాస్తాను. రెండూ కువైట్‌లో చేసినవే, రెండూ ఒక్క మనిషి విషయంలోనే.

పదకొండు కుర్చీలు, ఒక టెంటు

నాది రాజోలు పక్క. కువైట్‌లో నా ఇఖామా మీద, అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే కార్డు మీద, కార్పెంటర్ అని ఉండేది. ఉలి పట్టిన పాపాన పోలేదు. హవల్లీలో ఒక సైకిల్ షాపులో మెకానిక్కుని. సూరిబాబు పంక్చరు వేస్తే ట్యూబు పాతబడుతుంది గాని అతుకు పాతబడదని చుట్టుపక్కల పేరుండేది. ఆ పేరు చూసే అక్కడి మన తెలుగు సంఘం ఛైర్మన్ గారు నన్ను టైంకీపర్‌గా పిలిపించారు.

ఛైర్మన్ గారిది ఏసీల వ్యాపారం. వారు సైకిలెక్కగా చూసినవాళ్లు ఎవరూ లేరు. మహిళల కోసం సైకిల్ టైం ట్రయల్ సిరీస్ ఒకటి పెట్టారు. సీజనంతా శుక్రవారం పొద్దున్నే, మహబూలా దగ్గర సముద్రం పక్క రోడ్డు మీద, పోను నాలుగు రాను నాలుగు, ఎనిమిది కిలోమీటర్లు. అప్పుడక్కడ ఇన్ని ఫ్లాట్లు లేవు. ఇసుకా, ఉప్పుగాలీ తప్ప అడ్డొచ్చేవి లేవు.

కమిటీలో పదకొండుమంది, పదకొండుమందీ మగవాళ్లే. ఒక నర్సమ్మ పేరు ఎవరో ప్రతిపాదిస్తే, ఆవిడ పందెంలో తొక్కుతోంది కాబట్టి సైకిళ్ల మీద పక్షపాతం వస్తుందని వద్దన్నారు. కమిటీకి టెంటు వేశారు, కుర్చీలు వేశారు. తొక్కే ఆడవాళ్లు ఎండలో నిలబడి, తమ గురించి నీడలో జరిగే ఉపన్యాసాలు వినేవాళ్లు.

టైం ట్రయల్ అంటే ఏమిటో కొత్తవాళ్లకి చెబుతాను. అందరూ ఒకేసారి బయల్దేరరు. నిమిషానికి ఒకరిని వదులుతాం. ముందు వచ్చినవాళ్లు గెలిచినట్టు కాదు, తక్కువ సమయంలో వచ్చినవాళ్లు గెలిచినట్టు. అందుకని గట్టున నిలబడి చూసేవాళ్లకి ఎవరు గెలిచారో తెలియదు. తెలిసేది టైంకీపర్ ఒక్కడికే. ఈ వృత్తిలో ఉన్న గౌరవం అదే, ప్రమాదం కూడా అదే.

పన్నెండో నంబరు

అయిదో పందెం రోజున పన్నెండు నంబర్లు అచ్చేసి ఉంటే పదకొండుమందే వచ్చారు. ఆస్పత్రిలో డ్యూటీ పడి ఒక నర్సు రాలేదు. బహుమతులిచ్చే పెద్దమనిషి ఆ రోజు స్వయంగా వచ్చి కూర్చున్నాడు. ఆయన కువైటీ, ఆయన కూతురు దలాల్ కూడా పోటీలో ఉంది. మంచి పిల్ల, కాలేజీలో చదువుతోంది. ఆ పెద్దమనిషి కట్టిస్తున్న భవనానికి ఏసీలు ఎవరు పెడతారన్న ప్రశ్న అప్పటికి ఇంకా తేలలేదు. ఛైర్మన్ గారికి మహిళా క్రీడల మీద పుట్టిన అభిమానానికి మూలం అక్కడుంది.

ఛైర్మన్ గారు చుట్టూ చూశారు. దలాల్ వెనక మంచినీళ్ల కూలరు మోస్తూ వాళ్లింటి పనిమనిషి నిలబడి ఉంది. పేరు రెడ్డెమ్మ, రాయచోటి దగ్గర ఊరు. పాతికేళ్లుంటాయి.

"ఏమ్మా, సైకిలొచ్చా?" అన్నారు ఛైర్మన్ గారు.

"వచ్చు సార్. మా నాయన సైకిలికి రెండు పక్కలా పాలక్యాన్లు కట్టుకోని డెయిరీకి ఏసొస్తాంటి," అంది.

ఛైర్మన్ గారు నన్ను పక్కకి పిలిచారు. "చూడవయ్యా సూరిబాబూ, ఈవిణ్ణి దలాల్ కంటే ఒక్క నిమిషం ముందు వదులు. ముందర ఒక మనిషి కనిపిస్తుంటే ఆ పిల్లకి ఉత్సాహంగా ఉంటుంది. దాటేస్తుంది. వాళ్ల నాన్నగారు చప్పట్లు కొడతారు."

అత్యవసరానికని తెచ్చిన బరువు సైకిలొకటి ఇచ్చాను. రెడ్డెమ్మ కూలరు దించి, చున్నీ నడుముకు బిగించి, సీటు తన ఎత్తుకు తనే సరిచేసుకుంది. సీటు సరిచేసుకునే తీరు చూస్తే సగం పందెం తెలిసిపోతుంది. నాకు తెలిసిపోయింది. ఛైర్మన్ గారికి చెప్పలేదు.

దలాల్ ఆమెను దాటలేదు. అసలు అందుకోలేదు. రెడ్డెమ్మ పందొమ్మిది నిమిషాల పది సెకన్లలో వచ్చింది. దలాల్‌కి పందొమ్మిది నిమిషాల నలభై అయిదు సెకన్లు పట్టింది. లెక్క ప్రకారం రెడ్డెమ్మది మూడో స్థానం, దలాల్‌ది నాలుగో స్థానం. మూడో స్థానం దాకే బహుమతి.

టెంటులో అత్యవసర సమావేశం జరిగింది. ఎడారి గాలి ఒక్కొక్కరికి ఒక్కోలా వీస్తుందనీ, పోటీలో సమానత్వం ఉండాలంటే గాలిని కూడా లెక్కలోకి తీసుకోవాలనీ ఛైర్మన్ గారు సెలవిచ్చారు. పన్నెండో నంబరుకి గాలి వెనకనుంచి వీచిందని తీర్మానించారు. నిమిషం తరవాత అదే రోడ్డు మీద బయల్దేరిన దలాల్‌కి ఎదురుగాలి అన్నారు. చేతులు ఎత్తించారు, పదకొండూ లేచాయి. ఇక నేను చెయ్యాల్సిందల్లా పన్నెండో నంబరు పక్కన 'గాలి సవరణ: నలభై సెకన్లు' అని రాసి సంతకం పెట్టడం.

పెట్టాను. పిల్లలూ, నా మొదటి తప్పు ఇదే. ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టలేదు. టెంటులో నాకూ ఒక కుర్చీ వేస్తామన్నారు. అంతే.

సామాన్లు సర్దుకుంటుంటే రెడ్డెమ్మ నా దగ్గరికి వచ్చింది. ఆమె అరవలేదు, ఏడవలేదు, మామూలుగా అడిగింది.

"అన్నా, చిన్నమ్మ నా వెనక నిమిషానికి గదా బయల్దేరింది?"

"అవునమ్మా."

"నేను వచ్చి, మొగం తుడుసుకోని, గ్లాసులో ఐసు ఏసి, నిమ్మకాయ పిండి పెట్టుకోని నిలబడితి. అప్పుడు గదా చిన్నమ్మ వచ్చె? మరి నేనెట్ల ఓడిపోతి?"

టైం ట్రయల్ లెక్క ఇంత తేటగా చెప్పినవాళ్లని నేను ఆ తరవాత ముప్పై ఏళ్లలో చూడలేదు. నేను నేలచూపులు చూస్తూ, "గాలి తేడా వచ్చిందమ్మా. నీకు అనుకూలంగా వీచింది," అన్నాను.

"ఓహో," అంది. కూలరు నెత్తికెత్తుకుంది. "ఈ దేశంలో గాలి గుడక ఇఖామా చూసి వీస్తాదేమన్నా?"

ఆ రాసిన కాగితం జేబులో ఉంటే ఆ పూట అన్నం సయించలేదు. అంతకంటే పెద్ద ప్రాయశ్చిత్తం కూడా ఏమీ చేసుకోలేదు. తరవాతి శుక్రవారం టెంటులో కుర్చీలోనే కూర్చున్నాను.

గాలి పెరిగింది

వాళ్ల మామాకి, అంటే దలాల్ తల్లికి, పనిమనిషి సైకిలు తొక్కడం సరదాగా అనిపించింది. మిగతా పందేలకి కూడా రానిచ్చింది. దాంతో కమిటీ పని పెరిగింది. రెడ్డెమ్మ ఎంత వేగం పెంచితే గాలి అంత ఎక్కువ వీచేది. నలభై సెకన్లు యాభై అయిదయ్యాయి, ఆ తరవాత నిమిషం దాటాయి. వాతావరణ శాఖవాళ్లకి కూడా తెలియని గాలులు మా కాగితాల మీద వీచాయి. ప్రతిసారీ ఆమెది నాలుగో స్థానమే.

ఒకరోజు దలాల్ సైకిలు గొలుసు బాగుచేయించడానికి రెడ్డెమ్మ హవల్లీ షాపుకి వచ్చింది. పని అయ్యేదాకా గడప దగ్గర కూర్చుని, ఉన్నట్టుండి అంది: "అన్నా, ఫైనల్లో మాత్రం గాలి కలపకుండ ఒక్కసారి రాయి. బహుమతి వాళ్లకే ఇచ్చుకోనీ. నేనెంతలో పోతానో నాకు తెలియాల. నాకొక్కదానికి చెప్పు, చాలు."

"రాస్తానమ్మా," అన్నాను.

"ఒట్టా?"

"ఒట్టు."

ఈ వృత్తిలో మనిషి మనల్ని అడిగేది అంతకంటే ఏమీ ఉండదు. కప్పు కమిటీ ఇస్తుంది, ఫొటో పేపరువాళ్లు వేస్తారు. టైము మాత్రం మన దగ్గరనుంచే రావాలి.

ఫైనల్ ఏప్రిల్లో జరగాలి. ముఖ్య అతిథి ఊళ్లో లేడని మే నెలకి మార్చారు. మేలో అతిథి దొరికాడు గాని కప్పు మీద ఛైర్మన్ గారి పేరు చిన్న అక్షరాల్లో చెక్కారని వెనక్కి పంపారు. చివరికి ఆగస్టు మొదటి శుక్రవారం తెల్లవారుజాము ఖాయం చేశారు. కువైట్‌లో ఆగస్టులో పిట్ట కూడా నీడ వదిలి రాదు. టెంటులో ఏసీ పెట్టిస్తున్నాం కాబట్టి ఇబ్బంది లేదని ఛైర్మన్ గారు సర్క్యులర్ పంపారు.

ఆ శుక్రవారానికి ముందురోజు, గురువారం తెల్లవారేసరికి ఇరాక్ సైన్యం ఊళ్లో ఉంది.

సాంకేతిక కారణాలు

షాపు పక్కనే నేనుండే గది కిటికీలోంచి ట్యాంకులు కనిపిస్తున్నాయి. అంతలో షాపు ఫోను మోగింది. ఛైర్మన్ గారు.

"సూరిబాబూ, రేపటి ఫైనల్ వాయిదా. షట్టరు మీద నోటీసు అంటించు. కారణం సాంకేతికం అని రాయి. యుద్ధం అని రాయకు, స్పాన్సర్లు కంగారుపడతారు."

నవ్వకండి. నేను నిజంగానే నోటీసు రాశాను. సాంకేతిక కారణాల వల్ల మహిళల టైం ట్రయల్ వాయిదా వేయడమైనది, తదుపరి తేదీ ప్రకటించబడును అని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి, జిగురు పెట్టి అంటించాను. వీధిలో తుపాకులు పేలుతుంటే నేను అంచులు సమంగా ఉన్నాయా లేదా అని చూసుకున్నాను. కొన్నేళ్లు కమిటీల కింద పనిచేస్తే మనిషి ఇలా తయారవుతాడు.

మూడోరోజుకి ఛైర్మన్ గారు కారులో ఎడారి దాటి సౌదీ వెళ్లిపోయారని తెలిసింది. సీజన్ కప్పు కూడా వారితో క్షేమంగా దాటింది. దలాల్ వాళ్లు అంతకుముందే వెళ్లిపోయారు. రెడ్డెమ్మను ఇల్లు చూసుకుంటూ ఉండమన్నారు. కారులో చోటు చాలలేదన్నారు. పెద్దమనిషి వేట డేగకి మాత్రం చోటు సరిపోయింది. భయంలో పరిగెత్తేవాళ్లని నేను తప్పుపట్టను. కానీ ఆ డేగ సంగతి నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది.

రెడ్డెమ్మ ఒక్కతే కొన్నాళ్లు ఆ ఇంట్లో ఉంది. సైనికులు వచ్చి ఏసీలు, టీవీలు పీక్కుపోయాక, చెప్పులు చేతపట్టుకుని హవల్లీ వచ్చేసింది. మా షాపు పైన ఉన్న కాకినాడ మాస్టారి కుటుంబం ఆమెను చేరదీసింది. మాస్టారు అక్కడ బడిలో లెక్కలు చెప్పేవారు. జోర్డాన్ దాకా పోవడానికి మనవాళ్లందరినీ జట్లుగా కూడగట్టింది ఆయనే. పేర్ల జాబితా ఆయన చేతిలో ఉండేది.

ఒక బస్సు మాట్లాడారు. యాభైమందికి చోటు. మాస్టారు అందరినీ కూర్చోబెట్టి చెప్పారు: "బుధవారం పొద్దున్న ఎనిమిదింటికి బడి మైదానంలోంచి బయల్దేరతాం. పాస్‌పోర్టు లేనివాళ్లని ఎక్కించను. దారిలో ఎక్కడన్నా దింపేస్తే ఎడారిలో నేనేం చెయ్యగలను? ఒక్కళ్లకోసం బస్సు ఆపను. ముందే చెబుతున్నాను."

రెడ్డెమ్మ పాస్‌పోర్టు ఆమె దగ్గర లేదు. చాలామంది పనివాళ్లకి లాగే కఫీల్ దగ్గరే, అంటే వీసా ఇచ్చిన యజమాని దగ్గరే, ఉంది. ఎక్కడుందో మంగళవారం సాయంత్రందాకా తెలియలేదు. సులైబియాలో ఆ ఇంటివాళ్లకి ఒక తోట ఉంది. ఆ తోట కాపలాదారు హవల్లీ వచ్చినప్పుడు చెప్పాడు, పనివాళ్ల పాస్‌పోర్టులన్నీ తోట ఇంట్లో బిస్కెట్ల డబ్బాలో పెట్టి ఉన్నాయని.

హవల్లీనుంచి సులైబియా పోనూ రానూ కలిపి దరిదాపు నలభై కిలోమీటర్లు. రాత్రిళ్లు బయట తిరగనివ్వడం లేదు. కారులో పోతే చెక్‌పోస్టులో కారు లాక్కుంటున్నారు. సైకిలు మాత్రం ఏ సైన్యానికీ అక్కర్లేదు.

ఫైనల్ కోసమని దలాల్ తన రేసు సైకిలు నా షాపులో వదిలి ఉంది. రెడ్డెమ్మ దాని వంక చూసింది, నా వంక చూసింది.

"తెల్లారంగానే పోయొస్తానన్నా. ఎనిమిదికి గదా బస్సు?"

"ఎనిమిదికి."

"నీ గడియారంలో చూసి చెప్పు. ఎనిమిదేనా?"

"నా గడియారం మీద నమ్మకం లేదా అమ్మా నీకు?" అన్నాను కాస్త గొప్పగా.

రెండో తప్పు

ఆక్రమించిన కొన్నాళ్లకే, కువైట్ ఇకమీద ఇరాక్‌లో భాగమని చెప్పి, గడియారాలు బాగ్దాద్ టైముకు మార్చుకోమన్నారు. ఎండాకాలంలో వాళ్ల టైము కువైట్ టైముకంటే గంట ముందు. షాపులవాళ్లు తిప్పుకున్నారు. నేను తిప్పలేదు. దేశభక్తి అనుకునేరు. ఆ దేశం నాది కాదు, ఆ దేశం ఎప్పుడూ నన్ను తనవాణ్ణి అనుకోనూ లేదు. నాది వట్టి వృత్తి గర్వం. టైంకీపర్ గడియారాన్ని ట్యాంకు చూపించి తిప్పించడమేమిటని పట్టుదల. చాలా ధీరుణ్ణనుకున్నాను. కానీ మాస్టారు ఎనిమిది అన్నప్పుడు ఎవరి ఎనిమిదో అడగలేదు.

బుధవారం నా గడియారంలో సరిగ్గా అయిదింటికి రెడ్డెమ్మను షాపు ముందునుంచి వదిలాను. అప్పుడే వెలుతురు పడుతోంది. హ్యాండిలుకి నీళ్ల సీసా, వెనక రొట్టెల సంచి కట్టుకుంది. ఎవరైనా ఆపితే రొట్టెలకోసం పోయానని చెప్పడానికి. స్టాప్‌వాచ్ నొక్కాను. అలవాటు.

"ఇది ఫైనలేనాన్నా?" అంది.

"ఫైనలే. పో."

బడి మైదానానికి నా పెట్టె మోసుకుని పోయేసరికి ఆరున్నర. బస్సు వచ్చి ఉంది. జనం ఎక్కుతున్నారు. వీళ్లకి ఇంత తొందరేమిటా అనుకున్నాను. మాస్టారు జాబితా పట్టుకుని, "ఏవయ్యా సూరిబాబూ, ఆలస్యంగానా రావడం? ఇంకో అరగంటలో బయల్దేరిపోతున్నాం," అన్నారు.

"అదేటండీ, ఎనిమిదన్నారు కదా?"

"ఎనిమిదే. ఇప్పుడు ఏడున్నర."

"నా గడియారంలో ఆరున్నరేనండీ."

మాస్టారు నా వంక జాలిగా చూశారు. "డ్రైవరు బాస్రా వాడు. వాడి గడియారం బాగ్దాద్ టైము. ఊరంతా తిప్పుకుంది, నీకేవన్నా ప్రత్యేకమా?"

చెక్‌పోస్టులు దాటి, ఆ డబ్బా వెతుక్కుని, ఎంత తొక్కినా నా గడియారంలో ఏడున్నరకి ముందు రెడ్డెమ్మ రాలేదు. అదే గడియారంలో బస్సు ఏడింటికి పోతుంది. ఆమె టైము మొదటిసారి పెన్నుతో పాడుచేశాను, ఈసారి గర్వంతో. మొదటిసారి పోయింది మూడో స్థానం. ఈసారి ఆ మనిషి ఒంటరిగా, సైన్యం మధ్య, ఊరుకాని ఊళ్లో మిగిలిపోతుంది.

"మాస్టారూ, రెడ్డెమ్మ వస్తోంది. ఒక్క గంట ఆగండి బాబూ," అన్నాను.

"యాభైమంది పిల్లాజెల్లాతో ఉన్నారు. ఒక్కళ్లకోసం ఆపనని ముందే చెప్పాను. ఎండెక్కితే పసివాళ్లు తట్టుకోరు." ఆయన చెప్పింది న్యాయమే. అదే నా బాధ.

వాదించడం మానేశాను. బస్సు చుట్టూ ఒకసారి తిరిగాను. ఎడమవైపు ముందు చక్రం దగ్గర చెప్పు సరిచేసుకుంటున్నట్టు కూర్చున్నాను. వాల్వు పిన్ను విప్పడం నాకు కళ్లు మూసుకుని చేసే పని. పిన్ను జేబులో వేసుకున్నాను. గాలి బుస్సున పోతుంటే గట్టిగా దగ్గుతూ నిలబడ్డాను. కాగితాల మీద ఇన్నాళ్లు గాలి సవరించినవాణ్ణి, మొదటిసారి నిజం గాలిని సవరించాను.

డ్రైవరు చూసి నెత్తి కొట్టుకున్నాడు. నేనే ముందుకెళ్లి, "కంగారు పడొద్దు, నేను మెకానిక్కుని, చిటికెలో స్టెప్నీ వేసేస్తాను," అన్నాను. మాస్టారి ముఖం వెలిగింది. హవల్లీలో సూరిబాబు పేరు తెలియందెవరికి?

ఆ రోజు నేను చేసినంత చెత్త పని జన్మలో చెయ్యలేదు. జాకీ ముందు ఇసుకలో పెట్టాను, అది కూరుకుపోయింది. పలక తెచ్చి పెట్టాను, అది విరిగింది. ఒక నట్టు ఇసుకలో పారేసి, ఆరుగురిచేత వెతికించాను. బిగించాల్సిన వైపు విప్పాను, విప్పాల్సిన వైపు బిగించాను. చెమట కారిపోతోంది, సగం ఎండకి, సగం భయానికి. జేబులో పిన్ను డ్రైవరు కంటపడితే, నాలుగడుగుల దూరంలో తుపాకీతో సైనికుడున్నాడు.

"నువ్వు కువైట్‌లోకెల్లా గొప్ప మెకానిక్కువని విన్నానయ్యా," అన్నారు మాస్టారు. "పాపం కువైట్."

బస్సులోంచి ఆడవాళ్లు తిడుతున్నారు. పిల్లలు ఏడుస్తున్నారు. డ్రైవరు పానా లాక్కుని, "ఖలాస్, నువ్వు తప్పుకో," అని తనే కూర్చున్నాడు. పదినిమిషాల్లో చక్రం బిగించేశాడు. నా గడియారంలో ఏడూ నలభై మూడు.

"యల్లా, యల్లా!" అని బస్సెక్కి ఇంజను స్టార్ట్ చేశాడు. నేను బస్సు ముందు నిలబడ్డాను. అంతకుమించి నా దగ్గర ఉపాయం లేదు. వాడు హారను కొడుతున్నాడు, మాస్టారు తలుపులోంచి చేతులూపుతున్నారు. నేను రోడ్డు వైపు చూస్తున్నాను.

మలుపు దగ్గర ముందు ఒక చున్నీ కనిపించింది. తరవాత సైకిలు. వెనక రొట్టెల సంచి లేదు. ఆమె లేచి నిలబడి తొక్కుతోంది, పాలక్యాన్లతో ఎత్తెక్కేవాళ్లు తొక్కినట్టు.

గేటు గీత దాటగానే నొక్కాను.

ఫలితం

బస్సు కదిలింది. సైకిలు గేటు దగ్గరే వదిలేసి ఎక్కిన రెడ్డెమ్మ నీళ్లు తాగి, పొలమారి, మళ్లీ తాగింది. పాస్‌పోర్టు జాకెట్లోంచి తీసి మాస్టారికి చూపించింది. ఆయన జాబితాలో టిక్కు పెట్టి, తన సీటు ఆమెకిచ్చి నిలబడ్డారు.

"రెండు చెక్‌పోస్టులన్నా," అంది చివరికి. "మొదటి దాంట్లో పిల్లోడు, మీసం గుడక రాలేదు. ఆకలంట. రొట్టెలన్నీ ఇచ్చేస్తి. వచ్చేటప్పుడు వాడే దారిచ్చె."

నేను జేబులోంచి పిన్ను తీసి ఆమె అరచేతిలో పెట్టాను. ఏం జరిగిందో మెల్లగా చెప్పాను. నా గడియారం తప్పు చెప్పిందనీ, నా వల్లే ఆమె మిగిలిపోయేదనీ చెప్పాను. అయిదో పందెంలో గాలి లేదనీ, ఆ సంతకం నాదేననీ కూడా చెప్పాను. ఆమె పిన్ను అటూ ఇటూ తిప్పి చూసి నాకిచ్చేసింది.

"అదంతా నాకు తెల్సులే. ఇప్పుడు నా టైమెంతనో చెప్పు."

"రెండు గంటల నలభై ఆరు నిమిషాల పన్నెండు సెకన్లు."

"గాలి ఎంత కలిపినావు?"

"ఏమీ కలపలేదమ్మా."

ఆమె పెదవులు కదిపి ఆ అంకెలు మూడుసార్లు తనలో తనే చెప్పుకుంది. తరవాత కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. నాకూ ఆగలేదు. మాస్టారు ఇద్దర్నీ చూసి పంక్చరు గురించి ఇంత ఏడవడమేమిటన్నారు.

పిల్లలూ, నేను చేసింది తప్పే. యాభైమందిని ఎండలో నిలబెట్టాను, వాళ్ల పిల్లల్ని ఏడిపించాను. నన్ను పట్టుకుని ఉంటే వాళ్ల ప్రయాణం కూడా ఆగేది. ఏ నియమాల పుస్తకంలోనూ దీనికి చోటు లేదు, ఉండకూడదు కూడా. మళ్లీ అదే బస్సు ముందుంటే మళ్లీ అదే పిన్ను తీస్తాను. కానీ అంతకుముందు, ఎనిమిదంటే ఎవరి ఎనిమిదని అడుగుతాను. మీరు అడగండి. అవతలి మనిషి గడియారం కూడా గడియారమే.

ఛైర్మన్ గారు తరవాత సిరీస్ జ్ఞాపకాలతో ఒక సావనీర్ వేయించారు. అందులో వారి ఫొటోలు తొమ్మిది, సైకిలు ఫొటో ఒకటి. ఆఖరి పేజీలో, సాంకేతిక కారణాల వల్ల ఫైనల్ వాయిదా పడినది అని ఉంది. రికార్డుల ప్రకారం అది ఇప్పటికీ వాయిదాలోనే ఉంది.

నా దగ్గర మాత్రం ఫలితం ఉంది. బస్సులోనే నోటుపుస్తకంలో రాశాను. పోటీదారు పేరు, దూరం, సమయం, గాలి సవరణ దగ్గర 'లేదు', కింద నా సంతకం. దాని నకలు చిన్న కాగితం మీద రాసి రెడ్డెమ్మకిచ్చాను. ఆమె దాన్ని పాస్‌పోర్టు మధ్యలో పెట్టుకుంది.

కొన్ని రోజుల తరవాత జోర్డాన్ సరిహద్దులో అధికారి ఒకడు పాస్‌పోర్టు తెరిచి ఆ కాగితం బయటికి తీశాడు. వెనకా ముందూ తిప్పి చూశాడు. తెలుగు అక్షరాలు, మధ్యలో అంకెలు. ఇదేమిటని అరబ్బీలో అడిగాడు. వెనక వందలమంది వరసలో ఉన్నారు. నాకు భయమేసింది. రెడ్డెమ్మకి మామా ఇంట్లో నేర్చుకున్న అరబ్బీ ఉంది.

"నా టైము," అంది.

వాడు ఆమె వంక ఒకసారి చూశాడు. కాగితం మడత చెడకుండా, అది ఉన్న పేజీలోనే పెట్టి, పక్క పేజీలో ముద్ర వేశాడు.